బాబుకి అన్నీ ఆర్గానిక్కే పెడుతున్నాం, అయినా బరువు పెరగట్లేదు

ప్రశ్న

మేడమ్ గారికి నమస్కారం. మేం నిజాంపేటలో ఉంటాం, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా బాబుకి మొన్ననే ఎనిమిది నెలలు నిండాయి. వాడి నోట్లోకి ఒక్క కెమికల్ కూడా పోకూడదని ఆరో నెల నుంచీ అన్నీ ఆర్గానిక్కే కొంటున్నాం. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఉగ్గు పొడి ఉంది. మొలకెత్తిన రాగులు, బాదం, జీడిపప్పు, మఖానా, యాలకులు, ఇలా 21 రకాలు కలిపింది. రెండు టీ స్పూన్ల పొడి గ్లాసుడు నీళ్ళలో కాచి, వడగట్టి, తాటిబెల్లం కలిపి పొద్దున, సాయంత్రం బాటిల్‌లో పోసి తాగిస్తున్నాను. మధ్యలో ఫార్మ్ నుంచి గాజు సీసాలో వచ్చే ఏ2 ఆవుపాలు రోజుకి అర లీటరు దాకా తాగుతాడు. తెల్లారి, రాత్రి నా పాలు. మధ్యాహ్నం ఉడికించిన ఆర్గానిక్ యాపిల్ నాలుగు చెంచాలు. గుడ్డు ఇంకా పెట్టలేదు, ఫారం కోళ్ళకి హార్మోన్లు ఇస్తారంటారు కదా.

బాబు బరువు 7.2 కిలోలు. తక్కువగా ఉందని డాక్టర్ గారు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ డ్రాప్స్ రాశారు. అవీ కెమికలే కదా అని ఇంకా మొదలుపెట్టలేదు, బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలతో సరిచేద్దామనుకుంటున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ "గింత సన్నగున్నడేంది పోరడు, ఇంట్ల వండిన బువ్వ పెట్టరాదే" అని రోజూ అంటారు. ఆదిలాబాద్ నుంచి అడవి తేనె తెప్పించారు, అసలు సిసలైనది, రోజూ కాస్త నాకిద్దామంటారు. వాడి తిండికే నెలకి పదివేలు దాటుతోంది. ఇంకేం మార్చాలి? ఏ బ్రాండ్ మంచిది? బతుకమ్మకి ఊరికి వెళ్తున్నాం, అక్కడ ఆర్గానిక్ దొరకదు. ఆ వారం రోజులు ఏం పెట్టాలో కూడా చెప్పగలరు.

ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం

అమ్మా, డాక్టర్ గారు రాసిన ఐరన్ డ్రాప్స్ ఈరోజే మొదలుపెట్టండి. మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను గానీ ఇది మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు.

ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ బాబుది 9.4. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే కొంత ఐరన్ దాచుకుని పుడతాడు. ఆ నిల్వ దాదాపు ఆరు నెలలు వస్తుంది. ఆ తర్వాత తిండిలోంచే రావాలి. తల్లిపాలలో ఉన్న ఐరన్ బాగా ఒంటబడుతుంది గానీ అది ఉండేదే చాలా కొంచెం. సరిగ్గా ఈ వయసులోనే మెదడు శరవేగంగా పెరుగుతుంటుంది, దానికి ఐరన్ కావాలి. అందుకే డాక్టర్లు దీన్ని "పెద్దయ్యాక సర్దుకుంటుందిలే" అని వదిలేయరు.

బీట్‌రూట్ సంగతి చెబుతాను. ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రక్తహీనత ఉన్న ఏడు కిలోల బిడ్డకి డాక్టర్లు మామూలుగా ఇచ్చే మోతాదు రోజుకి ఇరవై మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అది బీట్‌రూట్‌తో రావాలంటే రోజుకి రెండు కిలోలకి పైనే పట్టించాలి. ఖర్జూరం కథా ఇంతే, పైగా అది నిండా తీపి. లోటు రాకుండా చూసుకోవడానికి తిండి చాలు. వచ్చిన లోటు తీరాలంటే మందు కావాలి. ఇక "కెమికల్" అన్న భయమా? డ్రాప్స్‌లో ఉన్నదీ తోటకూరలో ఉన్నదీ ఐరనే. తేడా ఏమిటంటే, డ్రాప్స్‌లో ఎంత ఉందో సీసా మీద రాసి ఉంటుంది.

ఇది మీ ఒక్కరి ఇంటి సమస్య కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే లోటు లేని పిల్లలకి కూడా ప్రభుత్వ కార్యక్రమంలో వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. మీరు ఏదో వింత మందు పోస్తున్నట్టు బాధపడకండి.

డ్రాప్స్ పాలతో కలిపి ఇవ్వకండి, ఐరన్ సరిగా ఒంటబట్టదు. రెండు ఫీడింగుల మధ్య, బుగ్గ లోపలి వైపు డ్రాపర్ పెట్టి వదలండి. పళ్ళ మీద పడితే మరక కడతాయి, అది పోతుంది గానీ చూడ్డానికి కంగారు. విరేచనం నల్లగా వస్తుంది, దానికీ భయపడొద్దు. సీసా మాత్రం బిడ్డ చేతికి అందని చోట పెట్టండి. ఐరన్ ఎక్కువ మోతాదులో కడుపులోకి పోతే విషమే. డాక్టర్ గారు నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తారు. అంకె బాగుందని అప్పుడు మానేయకండి. నిల్వ నిండే దాకా ఇంకో రెండు మూడు నెలలు ఇవ్వాల్సి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో ఆయన్నే చెప్పనివ్వండి.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం. బరువు పెరగకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది.

రెండు టీ స్పూన్ల పొడి అంటే ఆరేడు గ్రాములు. దానికి పాతిక కేలరీలు కూడా రావు. దాన్ని గ్లాసుడు నీళ్ళలో కాచి, పైగా వడగడుతున్నారు. వడగట్టాక గుడ్డలో మిగిలి మీరు పారేస్తున్నదే అసలు తిండి. పొద్దున, సాయంత్రం కలిపినా యాభై కేలరీలకి మించదు. ఎనిమిది నెలల బిడ్డకి తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకి సుమారు 200 కేలరీలు రావాలి. తొమ్మిదో నెల నిండేసరికి అది 300 దాకా పోతుంది. యాపిల్ నాలుగు చెంచాలతో ఏం పూడుతుంది? బాబు గ్లాసుల కొద్దీ తాగుతున్నాడు, కడుపు నిండుతోంది, శక్తి అందట్లేదు. ఎనిమిది నెలల మగపిల్లలకి బరువు 8.6 కిలోలు మధ్య అంకె. 7.2 అంటే మరీ ప్రమాద రేఖ కింద లేడు, దానికి దగ్గరలో మాత్రం ఉన్నాడు. ఇప్పుడు జాగ్రత్తపడితే తేరుకుంటాడు.

మొలకెత్తిన రాగుల్లో ఒక సుగుణం ఉంది, దాన్ని మీరు తలకిందులుగా వాడుతున్నారు. మామూలు పిండి కాస్త వేయగానే జావ గట్టిపడిపోతుంది, బిడ్డ మింగలేడు, మనం నీళ్ళు పోసి పల్చన చేస్తాం. మొలక వచ్చిన గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై ఉంటుంది, అది పిండిని పల్చగా ఉంచుతుంది. అంటే అదే నీళ్ళలో రెట్టింపు పిండి పట్టించినా బిడ్డ మింగగలడు. మొలకల వల్ల ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్లు కూడా తగ్గుతాయి. కాబట్టి రాగులు మానక్కర్లేదు. ఇంట్లోనే నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి ఆడించుకోండి. రెండు టేబుల్ స్పూన్ల పిండికి ముప్పావు గ్లాసు నీళ్ళు. కలుపుతూ కాచండి, వడగట్టకండి. చెంచాలోకి తీసి వంచితే నీళ్ళలా జారిపోకూడదు, చెంచాకి అంటుకుని మెల్లగా జారాలి. అదే మీకు కొలత.

బాటిల్ పక్కన పెట్టేయండి. చెంచాతో పెట్టండి, ఇంకా మంచిది చేత్తో పెట్టండి. బాటిల్‌లోంచి పీల్చే జావ పల్చగా ఉండక తప్పదు, పైగా నమలడం నేర్చుకోవాల్సిన వయసు ఇదే.

ఆ 21 రకాల పొడి గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఆ డబ్బా ఇంక కొనకండి. ఏది ఎంత ఉందో అందులో రాయరు. బాదం, జీడిపప్పు పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, డబ్బా మొత్తంలో అవి ఎన్ని గింజలో ఎవరికీ తెలీదు. మీ బాబుకి రేపు ఒంటి మీద దద్దుర్లు వస్తే 21లో దేన్ని అనుమానిస్తారు? కొత్త పదార్థం ఏదైనా ఒక్కటొక్కటిగా మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూడాలి. పల్లీలు కూడా అంతే. ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గదు. పల్లీలు బాగా వేయించి, మెత్తటి ముద్దగా నూరి, పావు చెంచా జావలో కలిపి పెట్టొచ్చు. ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) బాగా ఉన్న పిల్లలకైతే డాక్టర్‌ని అడిగాకే. గింజలు గింజలుగా మాత్రం ఐదేళ్ళ దాకా వద్దు, గొంతులో అడ్డం పడతాయి.

మీ అత్తమ్మ అన్న మాట ఉంది చూశారూ, "ఇంట్ల వండిన బువ్వ" అని. ఆమెది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. ఇరవై గ్రాముల బియ్యం, పది గ్రాముల పెసరపప్పు, గుప్పెడు తరిగిన తోటకూర కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఒక చెంచా నెయ్యి వేస్తే 150 కేలరీల దాకా వస్తాయి. మీ రోజంతా జావ కంటే మూడు రెట్లు. పైన నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, పప్పులోని, ఆకుకూరలోని ఐరన్ దానివల్ల బాగా ఒంటబడుతుంది. మిక్సీలో వేసి పేస్టు చేయొద్దు, చేత్తో మెదిపి పెట్టండి, చిన్న చిన్న పలుకులు తగలనివ్వండి. వేరే వంట కూడా అక్కర్లేదు. ఇంట్లో పప్పు ఉడికాక ఉప్పు, కారం, పోపు వేయకముందే ఒక గరిటెడు తీసి పక్కన పెడితే బాబు వంట అయిపోయినట్టే. ఏడాది లోపు ఉప్పు వద్దు. పంచదార రెండేళ్ళ దాకా వద్దు. తాటిబెల్లమూ ఆ లెక్కలోకే వస్తుంది. ఎంత నల్లగా ఉన్నా, ఎంత ఖరీదైనా అది తీపే.

ఇప్పుడు రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి పావు లీటరు పట్టే గిన్నెలో సగం. తొమ్మిదో నెల నిండాక మూడు నాలుగుసార్లు, మధ్యలో ఒక పండో, ఉడికించిన గెణుసుగడ్డో. మొదటి వారం రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుంటాడు. బలవంతం చేయొద్దు, ఫోన్ చూపించి మింగించొద్దు. ముందు అన్నం, తర్వాత మీ పాలు. ఆకలి ఆ వరసకి తానే అలవాటు పడుతుంది.

ఆ ఆకలిని ఇప్పుడు చంపుతున్నది అర లీటరు ఆవుపాలు. మీ నెల ఖర్చులో పెద్ద వాటా కూడా అదే అయ్యుంటుంది. ఏడాది నిండే దాకా ఆవుపాలు గానీ గేదెపాలు గానీ తాగే పాలుగా ఇవ్వకూడదు. వాటిలో ఐరన్ లీటరుకి అర మిల్లీగ్రాము, అంటే లేనట్టే. వాటిలోని కాల్షియం, కేసిన్ అనే ప్రొటీన్ కలిసి మిగతా తిండిలోని ఐరన్‌ని కూడా ఒంటబట్టనివ్వవు. కొందరు పసివాళ్ళకి ఆవుపాల వల్ల పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం పోతుంటుంది. మీ బాబు రక్తహీనతకి ఇది ఒక కారణం అయ్యుండే అవకాశం బలంగా ఉంది, డాక్టర్ గారికి పాల లెక్క చెప్పారో లేదో. చెప్పకపోతే చెప్పండి. అన్నంలో రెండు చెంచాల పెరుగు, జావలో కాసిన్ని పాలు కలిపితే ఫర్వాలేదు. సీసాలు సీసాలుగా తాగించడమే వద్దు. మీ పాలు పగలు కూడా ఇవ్వగలిగితే ఇవ్వండి. ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో మీ పాలు పిండి తీసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. అప్పటికీ చాలకపోతే ఫార్ములా పాలు ఇవ్వాలా అని డాక్టర్‌నే అడగండి. పొడి పాలంటే మీకున్న విముఖత నాకు అర్థమవుతుంది గానీ, ఏడాది లోపు బిడ్డకి ఆవుపాల కంటే అవే నయం.

ఏ2 అన్నది పాలలోని ఒక ప్రొటీన్ రకం పేరు, అంతే. మన గేదెపాలు కూడా ఆ రకానివే, వాటిని ఎవరూ గాజు సీసాలో పోసి ఆ పేరుతో అమ్మరు. 2024 ఆగస్టులో పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది, వారం తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. కాబట్టి ఆ అక్షరం సీసాల మీద కనిపిస్తూనే ఉంటుంది. మీరు దానికి డబ్బు కట్టాల్సిన పని మాత్రం లేదు.

తేనె మాత్రం వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో అత్తమ్మకి అడ్డు చెప్పాల్సిందే. తేనెలో క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మనకి ఏమీ కాదు. ఏడాది లోపు బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మలబద్ధకంతో మొదలై, ఏడుపు బలహీనపడి, మెడ నిలపలేక, ఒక్కోసారి ఊపిరి తీసుకోవడమే కష్టమయ్యే దాకా వెళ్తుంది. అరుదే, కానీ వస్తే ఆసుపత్రిలో వారాల తరబడి ఉండాలి. అడవి తేనె అయినా, ఎంత స్వచ్ఛమైనదైనా ఇంతే, ఇంట్లో కాచినా ఆ బీజాలు చావవు. "తేనె మంచిది కాదు" అని అంటే ఆమె నొచ్చుకుంటారు. "మొదటి పుట్టినరోజు దాకా ఆగమన్నారు అత్తమ్మా, ఆ రోజు మీ చేత్తోనే నాకిద్దాం" అనండి. తేనె ఎక్కడికీ పోదు. ఈలోగా వసకొమ్ము అరగదీసి నాకించే ఆలోచన ఎవరికైనా ఉంటే దానికీ ఇదే జవాబు, దాన్ని పుట్టినరోజు తర్వాత కూడా మరిచిపోవచ్చు.

గుడ్డు రేపే మొదలుపెట్టండి. కోళ్ళకి హార్మోన్లు ఇస్తారన్నది మనవాళ్ళు ఫోన్లలో పంచుకునే పాత భయం. కోళ్ళ దగ్గర నిజంగా పట్టించుకోవాల్సింది యాంటీబయోటిక్స్ వాడకం. అందుకే మన ప్రభుత్వం 2019లో పశువులకీ కోళ్ళకీ కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడకాన్ని నిషేధించింది. దానికోసం గుడ్డే మానేస్తే నష్టం బాబుకే. గట్టిగా ఉడికించిన గుడ్డు, తెల్లసొన, పచ్చసొన రెండూ, మొదటి రోజు పావు చెంచా, అలర్జీ ఏమీ కనిపించకపోతే నెమ్మదిగా పెంచి రోజుకొకటి. తెల్ల గుడ్డా, నాటు గుడ్డా అన్నది మీ వీలు, పోషకాలు ఇంచుమించు ఒకటే. మీరు మాంసం తినేవాళ్ళయితే వారానికి ఒకటి రెండుసార్లు కోడి కార్జం బాగా ఉడికించి, మెదిపి, రెండు చెంచాలు అన్నంలో కలపండి. అందులో ఉన్నంత ఐరన్, అంత తేలిగ్గా ఒంటబట్టేది ఏ ఆకులోనూ దొరకదు. అత్తమ్మ సూప్ పెడదామంటే సూప్‌తో పాటు ముక్క కూడా నూరి పెట్టమనండి, బలం ముక్కలో ఉంటుంది.

ఇప్పుడు ఆర్గానిక్. మీ తపన తప్పని నేను అనను. ఆర్గానిక్ తిండిలో పురుగుమందుల అవశేషాలు తక్కువగా ఉంటాయి, ఇది పరీక్షల్లో తేలిన విషయమే. మామూలు తిండి నుంచి ఆర్గానిక్‌కి మార్చిన కొద్ది రోజుల్లోనే పిల్లల మూత్రంలో పురుగుమందుల జాడ బాగా తగ్గిందని అమెరికాలో 2006లో ఒక అధ్యయనం చూపించింది. పోషకాల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదని 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి చెప్పారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా అదే ఏడాది అదే మాట చెప్పింది. అంటే ఆర్గానిక్ ముద్ర ఆ పంట ఎలా పండిందో చెబుతుంది. అది మీ బాబు వయసుకి తగిందా, ఎంత పెట్టాలి, ఐరన్ ఉందా, ఈ ప్రశ్నలకి ఆ ముద్ర దగ్గర జవాబు లేదు. ఆర్గానిక్ తాటిబెల్లం, ఆర్గానిక్ తేనె, ఆర్గానిక్ ఆవుపాలు మూడూ అలాగే మీ వంటింట్లోకి వచ్చాయి.

కొనేటప్పుడు "నేచురల్", "ఫార్మ్ ఫ్రెష్", "కెమికల్ ఫ్రీ" అన్న మాటల్ని లెక్కలోకి తీసుకోకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ఆర్గానిక్ తిండికి నిబంధనలు పెట్టింది. ప్యాకెట్ మీద ప్రభుత్వం గుర్తించిన ఆర్గానిక్ గుర్తు ఉండాలి. దాని వెనుక ఎన్‌పీఓపీ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద వచ్చే ధ్రువీకరణ గానీ, రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి గానీ ఉంటుంది. ఎన్‌పీఓపీ కింద ఏటా విత్తే పంటలకి కూడా ఆర్గానిక్ అనిపించుకోవడానికి ముందు, రసాయనాలు మానేసి సాగు చేసే మార్పిడి కాలం రెండేళ్ళు గడవాలి, పళ్ళతోటలకి మూడేళ్ళు. నిన్న మొదలుపెట్టి ఇవాళ అమ్మేది కాదు. జనగామ జిల్లా ఏనబావి లాంటి ఊళ్ళు 2006 నాటికే మొత్తం రసాయనాలు మానేశాయి. అలాంటి రైతు దగ్గర నేరుగా కొనే దారి మీకు దొరికితే, అందమైన డబ్బా కంటే నేను దాన్నే నమ్ముతాను.

బ్రాండ్ పేరు చెప్పమన్నారు. చెప్పను. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి మన దేశంలో ప్రకటనలే నిషేధం. 1992లో వచ్చిన చట్టాన్ని 2003లో ఇంకా గట్టి చేశారు. మీకు రీల్స్‌లో కనిపించే ఉగ్గు పొడుల వాళ్ళు ఈ సంగతి ఎంత గుర్తుపెట్టుకుంటున్నారో మీరే చూస్తున్నారు.

డబ్బు పెట్టాలనుకుంటే బాబు రోజూ తినే బియ్యం, పప్పు, రాగుల మీద, తొక్క తీయకుండా తినే వాటి మీద పెట్టండి. ఆకుకూరలు, యాపిల్, ద్రాక్ష ఆ కోవలోకి వస్తాయి. ద్రాక్ష ఇప్పుడు కాదు, పెట్టే రోజు వచ్చినా నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అరటి, బొప్పాయి, సొరకాయ, గెణుసుగడ్డ ఎర్రగడ్డ రైతుబజార్‌లో మామూలువి తెచ్చుకుంటే ఏ నష్టమూ లేదు. కడిగి, తొక్క తీసి వండండి. అయితే హైదరాబాద్‌లో ఆకుకూరలకి పురుగుమందు కాక ఇంకో చిక్కుంది. ఊరి దిగువన మూసీ మురుగునీటితో పండించే ఆకుకూర మార్కెట్లలోకి వస్తుంది. దాన్ని పారే నీళ్ళ కింద ఆకు ఆకూ రుద్ది కడగాలి, బాగా ఉడికించాలి. పచ్చి ఆకు రసాలు పసిపిల్లలకి అసలు వద్దు. మీ బాల్కనీలో ఎండ పడితే రెండు తొట్లలో తోటకూర చల్లుకోండి, నెల తిరగకుండా కోతకొస్తుంది.

బయటి కెమికల్స్ గురించి ఇంత భయపడేవాళ్ళు సొంత వంటింటి వైపు చూడరు. బియ్యానికి, కందిపప్పుకి పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. మీ ఇంట్లోనో, ఊరి నుంచి వచ్చే బస్తాలోనో ఉందేమో అడిగి చూడండి. పసిపిల్లలకి అది విషం. ఎండు వేపాకు వేయండి, లేదా కొంచెం కొంచెం కొని ఫ్రిజ్‌లో పెట్టండి. విడిగా అమ్మే పసుపు కూడా కొనకండి. రంగు రావడానికి సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపిన సంఘటనలు మన దేశంలో బయటపడ్డాయి. నిజామాబాద్ పసుపు కొమ్ములు తెచ్చి ఆడించుకోవడం మంచిది.

నెలకోసారి ఒకే తూకం మీద బరువు చూపించి టీకా కార్డు మీద రాయించండి. ఈలోగా బాబు తినడం పూర్తిగా మానేసినా, మందంగా పడుకుని ఆడకపోయినా, అరచేతులు మరీ తెల్లబడినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, విరేచనాలు పట్టుకున్నా నెల దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఊరి ప్రయాణం గురించి మీరు పడే టెన్షన్ అనవసరం. అక్కడ మీకు నిజాంపేటలో దొరికేదాని కంటే తాజావే దొరుకుతాయి. అత్తమ్మ వాళ్ళ పెరట్లో మునగచెట్టు ఉంటే దాని లేతాకు కోసి పప్పులో ఉడికించండి. వాకిట్లో తిరిగే కోడి పెట్టిన గుడ్డుని గట్టిగా ఉడకబెట్టండి. పత్తి చేలో సాళ్ళ మధ్య మొలిచిన గంగవాయిలి కూర, తోటకూర మాత్రం బాబుకి వద్దు. పత్తికి కొట్టిన మందు వాటి మీదా పడుతుంది. ఎవరైనా ఆప్యాయంగా కోసుకొస్తే పెద్దవాళ్ళకి కూడా "ఎప్పుడు మందు కొట్టిన్రు" అని అడిగాకే వండండి. నీళ్ళు కాచి చల్లార్చినవే తాగించండి. సద్దుల బతుకమ్మ రోజు సత్తుపిండి, మలీద ముద్దలు పట్టుకుని పది చేతులు బాబు నోటి దగ్గరికి వస్తాయి. తీపి వద్దని పదిమందికీ చెప్పలేరు కాబట్టి ముందే కడుపు నిండా పప్పన్నం పెట్టి తీసుకెళ్ళండి. ఐరన్ డ్రాప్స్ సీసా మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. సూట్‌కేస్‌లో పెడితే ఊరెళ్ళి ఎప్పుడో విప్పినప్పుడు గాని గుర్తుకురాదు.